ఎనిమిదో మైలు

గోపాలసామి నాయకర్ కారుకు నత్తి వచ్చిందన్న కబురు ఆ కారు కంటే ముందే కోవిల్పట్టి చేరింది. సోమవారం పొద్దున అది వచ్చి తిరుపతిసామి షెడ్డు ముందు ఆగేసరికి, ఎదుటి కాఫీ క్లబ్బులో నలుగురు గ్లాసులు పట్టుకుని తయారుగా కూర్చున్నారు. ఒకడి పనితనం బజారున పడుతుందంటే చూడ్డానికి జనానికి తీరిక దానంతటదే దొరుకుతుంది.

కారు మాత్రం ఏ నత్తీ లేకుండా పల్లకీ లాగా వచ్చి ఆగింది. డ్రైవరు పాల్‌పాండి దిగి వెనక తలుపు తీశాడు. నాయకర్ దిగి పంచె దులుపుకున్నాడు. యాభై దాటిన మనిషి. విళాత్తికుళం దారిలో ఆరు మైళ్ళ అవతలి ఊళ్ళో పత్తి, మిరప పండే నల్లరేగడి సగానికి సగం ఆయనదే.

“ఏమప్పా తిరుపతి, చచ్చినోడి ఇంజను తెచ్చి నాకు తగిలించినావని ఊరంతా చెప్పుకుంటా ఉండారు,” అన్నాడు.

“ఇంజనుకి చావేంది అన్నా. తోలినోడు పోయె, అది పోలే. ఒగ నెల గుర్రం మాదిరి పరుగెత్తె కదా.”

“ఆ నెల పరుగెత్తె. ఈ నెల చూడు. ఎనిమిది మైళ్ళు నిండా బాగా పోతాది. ఆమీద ఎంత తొక్కినా నిలిచి నిలిచి ఊగుతాది. ఇంకొగటి. టాంకీ నిండా పెట్రోలు పోస్తే ఇంకా బిరీన వస్తాది ఈ జబ్బు.”

“నిండితే జబ్బా? అట్ల యాడా ఉండదన్నా,” అని తిరుపతిసామి నవ్వేశాడు.

రెండు నెలల కింద నాయకర్ కారు ఇంజను పగిలింది. అదే రకం అమెరికా కారు ఒకటి విరుదునగర్ దగ్గర కల్వర్టు మీంచి బోల్తా కొట్టి, నడుపుతున్న వ్యాపారి అక్కడికక్కడే పోయాడు. బండి తుక్కయింది కాని ఇంజనుకు గీత కూడా పడలేదు. తిరుపతిసామి దాన్ని కొని ఎడ్లబండి మీద తెచ్చి, మూడు తాటిదుంగలు పాతి, గొలుసుతో ఎత్తి, రెండు రోజుల్లో బిగించాడు. ఈ చుట్టుపక్కల ఆ పని చేసినవాడు మరొకడు లేడు. విరుదునగర్ పత్తి వ్యాపారి దామోదరసామి తన కారుకు కూడా అలాగే మార్పించాలని, ఈ కారు ఎలా నడుస్తుందో చూసి చెబుతానని ఆగి ఉన్నాడు. అందుకని నత్తి కారుకు వచ్చినా మాట పడేది తిరుపతిసామికే.

ఆ రోజంతా వెతికాడు. ప్లగ్గులు విప్పి కాల్చి తుడిచాడు. కార్బురేటర్ విప్పి పళ్ళెంలో పరిచి, సన్న రంధ్రాల్లో నోటితో గాలి ఊదాడు. పెట్రోలంతా దించి, పైపు ఊది శుభ్రం చేసి, తోలుగుడ్డలో వడగట్టి మళ్ళీ పోశాడు. నడుస్తున్న ఇంజను అతుకుల మీద చుక్క చుక్కగా నూనె వేసి, ఎక్కడన్నా లోపలికి పీలుస్తుందేమోనని కళ్ళు చికిలించి చూశాడు. నూనె చుక్క ఎక్కడ వేసింది అక్కడే నిలిచింది. తప్పు దొరక్కపోవడం తప్పు దొరకడం కన్నా నరకం.

పాల్‌పాండి కావలసిన స్పానరు అడగకముందే అందిస్తూ పక్కన నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళవాడు. నాయకర్ తోటలో పాలేరు కొడుకుగా పుట్టి, వాళ్ళ తెలుగే మాట్లాడుతూ పెరిగి, ఆరేళ్ళుగా ఆ ఇంటి కారు తోలుతున్నాడు. ఖాకీ కోటుకు ఒక్క గుండీ ఊడనివ్వడు. దాని కాలరు మడతలో రెండు తుమ్మముళ్ళు గుచ్చి ఉన్నాయి. కాల్లో దిగిన ముల్లును ముల్లుతోనే తీసుకునే రేగడి ఊళ్ళలో అందులో వింతేమీ లేదు.

*

మంగళవారం ఎండ ఎక్కకముందే విరుదునగర్ బయలుదేరారు. పాల్‌పాండి తోలాడు. నాయకర్ వెనక సీట్లో కూర్చున్నాడు. తిరుపతిసామి ముందు పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని ఇంజను చప్పుడే విన్నాడు.

ఎనిమిదో మైలురాయి దాటి చిన్న మెరక ఎక్కుతుండగా కారు తడబడింది. ఒకసారి ఊపిరి బిగబట్టి, ఒకసారి ముందుకు ఉరికి, మళ్ళీ బిగబట్టింది. తిరుపతిసామి చెయ్యి చాపి ఇంజనులో నిప్పురవ్వ పడే వేళను ముందుకూ వెనక్కూ జరిపే మీట లాగి చూశాడు. లాభం లేదు. పాల్‌పాండి పక్కకు తీసి ఆపాడు. దిగి, అద్దం ముందున్న పెట్రోలు టాంకీ మూత విప్పాడు. ఆ మూత మీద తెల్లటి నామం, మధ్యలో ఎర్రగీత. మూతను జాగ్రత్తగా అరచేతిలో పెట్టుకుని, వెదురు కట్టె లోపలికి దింపి తీసి, తడి ఎంతవరకుందో ఎండకు పట్టి చూశాడు. సగానికి పైనే ఉంది. మూత పెట్టి, మళ్ళీ స్టార్టు చేశాడు. కారు ఏమీ ఎరగనట్టు మెరక ఎక్కింది.

సాత్తూరు వంతెన దాటాక అదే తంతు. ఊగడం, ఆపడం, మూత విప్పడం, కట్టె దింపడం. విరుదునగర్ ఊరి మొదట్లో మూడోసారి.

“పెట్రోలు ఉండాదని తెలుసు కదప్పా. ఏల మళ్ళీ మళ్ళీ కట్టె పెడతావు?” అని తిరుపతిసామి కసిరాడు.

“అలవాటు మేస్త్రీ,” అన్నాడు పాల్‌పాండి.

దామోదరసామి పత్తి గోడౌను ముందు కారు ఆగింది. దామోదరసామి అరుగు దిగి వచ్చాడు. కూలీలూ, బేరాలు కుదిర్చే తరగరులూ కలిసి పదిమంది చుట్టూ చేరారు. నాయకర్ వాళ్ళందరి ముందే అడిగాడు.

“చెప్పప్పా తిరుపతి. ఇంజనా, వేరేనా?”

తిరుపతిసామి దామోదరసామి ముఖం చూశాడు. తెలియదు అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట ఇరవై ఏళ్ళలో అతని నోట రాలేదు, అప్పుడూ రాలేదు.

“ఇంజనులో తప్పు లేదన్నా. ఒగ నెల సరిగా పరుగెత్తిన ఇంజను రెండో నెలలో కెట్ట బుద్ధి నేర్చుకోదు. నేర్చుకునేది మనిషి కాలు. వీడు తొక్కేది సరిలేదు.”

ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని అతనికే తెలుసు. కాని మద్దెల నోరెత్తలేదు. పాల్‌పాండి చెయ్యి కాలరు దాకా లేచింది. టాంకీ మూత వంక ఒకసారి చూశాడు. చెయ్యి కిందికి దించేశాడు.

“కోటు తీయిరా,” అన్నాడు నాయకర్. “రేపటి నుంచి బావి కాడ మోట తోలు. ఎద్దుకి నీ కాలుతో పని లేదు.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పాల్‌పాండి కోటు విప్పి, చేతులు లోపలికి మడిచి, కాలరు మీదికి వచ్చేటట్టు నాలుగు మడతలు పెట్టి డ్రైవరు సీటు మీద ఉంచాడు. బస్సు స్టాండు వైపు నడిచిపోయాడు. అరుగు మీద కాఫీ వచ్చింది. తిరుపతిసామి తాగాడు.

*

నాయకర్‌కు విరుదునగర్‌లో గురువారం దాకా పని ఉంది. కారు ఊరికి చేర్చి, గురువారం మళ్ళీ తెమ్మన్నాడు. మధ్యాహ్నం తిరుపతిసామి ఒక్కడే తిరిగి బయలుదేరాడు. సీటు మీది కోటును వెనక్కి పెట్టి, తన కాలుతో తొక్కాడు. ఇరవై ఏళ్ళ పనివాడి కాలు.

ఎనిమిది మైళ్ళయినాక కారు ఊగింది.

అతను మెల్లగా తొక్కి చూశాడు, గట్టిగా తొక్కి చూశాడు, పూర్తిగా వదిలి చూశాడు. కారు వినలేదు. నాలుగు సార్లు దగ్గి, రోడ్డు మధ్యలో ఆరిపోయింది. చుట్టూ పత్తి చేలు, నరపురుగు కూడా లేదు. పొద్దున తను అన్న మాట అతని చెవిలో ఇంకా ఉంది.

దిగి, బానెట్టు ఎత్తి, కార్బురేటర్ అడుగున ఉన్న చిన్న కుళాయి తిప్పి కింద రేకు డబ్బా పెట్టాడు. పెట్రోలు ధారగా రావలసింది చుక్కలుగా రాలింది. టక్కు, టక్కు. టాంకీలో సగానికి సగం ఉంది, పైపు నిన్ననే శుభ్రం చేశాడు. మరి చుక్కలేమిటి? కుళాయి అలాగే వదిలి, పైకి వచ్చి టాంకీ మూత తిప్పాడు. మూత మామూలు కంటే బిగువుగా వచ్చింది. వస్తూనే ఉస్సుమని గాలి లోపలికి పోయింది. కింద డబ్బాలో చప్పుడు మారింది. చుక్కలు పోయి, ధార పడుతోంది.

తిరుపతిసామి మూతను తిప్పి చూశాడు, బోర్లించి చూశాడు. నడిమధ్య సూది పట్టేంత గాలి రంధ్రం ఉండాలి. లోపలి వైపు ఉంది. పై వైపు దాని మీద నామం ఉంది. ఒక్కరోజుది కాదు. రోజుకొక పూత చొప్పున పడి పడి, సున్నం గోడలాగా మందం కట్టింది. గోటితో గీకితే గోరు జారింది.

కిరసనాయిలు డబ్బాకు ఒక్క కన్నమే పొడిస్తే నూనె రాదు, గాలికి రెండోది పొడవాలి. ఈ సంగతి కోవిల్పట్టి అంగళ్ళలో పొట్లాలు కట్టేవాడికి కూడా తెలుసు. టాంకీ నిండుగా ఉంటే లోపల గాలికి చోటు తక్కువ, జబ్బు ఇంకా తొందరగా వస్తుంది. నాయకర్ ఆ మాట మొదటి రోజే చెప్పాడు. తను నవ్వాడు.

మూతను ఒక మర వదులుగా పెట్టి స్టార్టు చేశాడు. కారు ఊరు చేరేదాకా ఒక్కసారి కూడా తడబడలేదు. దొరకని తప్పు దొరికినప్పుడు అతనికి ఎప్పుడూ సంతోషంగా ఉండేది. ఆ రోజు లేదు.

*

బుధవారం తెల్లవారి నాయకర్ ఇంటి బండ్ల కొట్టంలో, రాత్రి అక్కడే పడుకున్న తిరుపతిసామి పళ్ళు తోముకుంటుండగా, నాయకర్ తల్లి బొమ్మక్క గిన్నె పట్టుకుని వచ్చింది. ఎనభైకి దగ్గర పడిన ముసలామె. కారు ముందు చెప్పులు లేకుండా నిలబడి, గిన్నెలోని తెల్లటి తిరుమణిలో వేలు ముంచి, మూత మీది నిన్నటి నామం మీదనే కొత్త నామం దిద్దింది. గీత వంకర పోకూడదని ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుంది.

“గట్టిగానే నిలిచి ఉండాదే పెద్దమ్మా,” అన్నాడు తిరుపతిసామి.

“మొదట్లో నిలవలే నాయనా. గాలికి రాలిపోతా ఉండె. సామి నామం రోడ్డున రాలితే మనసు ఎట్ల ఉంటాది? తిరుమణిలో కొంచెం తుమ్మబంక కలిపితిని. ఇప్పుడు నిలుస్తాది.”

“రోజూ పెట్టాలనా?”

“ఆ ఇంజను ఒగని మింగె కదా. నా కొడుకు దాని ఎనక కూర్చోని పోతాడు, వస్తాడు. నాకు కారు తెలుసునా, ఇంజను తెలుసునా? నాకు తెలిసింది ఇది ఒగటే.”

తిరుపతిసామి వేపపుల్ల పారేసి నోరు పుక్కిలించాడు. ఆ నామమే కారు గొంతు పట్టుకుందని చెబితే ఈ ముసలామె ఏమైపోతుంది? కొడుకును కాపాడుతున్నాననుకున్న చెయ్యే కొడుకును రోడ్డు మీద నిలబెడుతోందని తెలిస్తే, ఆ చెయ్యి ఇక దేన్నీ ముట్టదు. పైగా వీళ్ళు తన కులంవాళ్ళు, వరస పెట్టి పిలుచుకునేవాళ్ళు. పదిమందిలో ఈ సంగతి చెప్పడం కడుపు చించుకుని కాళ్ళ మీద వేసుకోవడమే. చెప్పకపోతే పాల్‌పాండి మోట దగ్గర ఉంటాడు. ఇంటి వెనక తోటలోంచి గిలక కిర్రుమనడమూ, ఎడ్లను అదిలించే పాల్‌పాండి గొంతూ వినిపిస్తూనే ఉన్నాయి. అతను అటు వెళ్ళలేదు.

“మూత ఒగసారి ఇయ్యి పెద్దమ్మా. లోపల చిన్న పని ఉండాది. నామం చెదరనీయను.”

ఆమె నామం ఆరేదాకా ఆగి ఇచ్చింది. తిరుపతిసామి మూతను గుడ్డలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, చేతి బర్మాతో అంచు కిందుగా, బయటికి కనపడని చోట రెండు సన్న రంధ్రాలు వేశాడు. బర్మా తిప్పినంతసేపూ బొమ్మక్క వంగి నామాన్నే చూసింది. ఇత్తడి పొడి రాలింది కాని తిరుమణి రవ్వంత కూడా రాలలేదు. మూత తిరిగి బిగించాక ఆమె కళ్ళకద్దుకుని లోపలికి వెళ్ళింది.

*

గురువారం అతను ఎక్కడా ఆగకుండా విరుదునగర్ చేరాడు. మూత మీద నామం నామంగానే ఉంది, కారు కారులాగే పరుగెత్తింది. గోడౌను అరుగు మీద నాయకర్, దామోదరసామి, అదే పదిమంది. వాళ్ళు చెదిరిపోయేదాకా ఆగి చెబుదామా అని ఒక్క క్షణం అనుకున్నాడు. మొన్న పదిమందిలో అన్న మాటను ఈవేళ చాటున తీసుకోవడం కుదరదని అతనికే తోచింది.

“అన్నా, బండి సరి అయె. ఒగసారి కూడా నిలవలే.”

“నేను చెప్పలే? పాల్‌పాండి దిగినాడు, బండి సరి అయె,” అన్నాడు నాయకర్ దామోదరసామి వైపు తిరిగి.

“లేదన్నా. నేను తోలినా నిలిచె. వాని కాలులో తప్పు లేదు. తప్పు నాది.” తిరుపతిసామి టాంకీ మూతకు వీపు తిప్పి నిలబడ్డాడు. “పెట్రోలు పైపు బిగించినప్పుడు లోపల వాషరు సరిగా కూర్చోలే. జరిగి జరిగి అడ్డం పడె. నేనే చూసుకోలే.”

నాయకర్ పెద్దగా నవ్వాడు. “నీ చెయ్యి చేసిన తప్పుని వాని కాలుకి కట్టినావా? మంచి మేస్త్రీవప్పా!” అరుగు మీద అందరూ నవ్వారు. మొన్న నవ్విన నోళ్ళే.

దామోదరసామి నవ్వలేదు. పత్తి గింజ ఒకటి వేళ్ళ మధ్య నలుపుతూ, “మా కారు మదురైలో చూపిస్తాం తిరుపతి. అక్కడ మాకు తెలిసినవాళ్ళు ఉండారు,” అన్నాడు నెమ్మదిగా. తిరుపతిసామి సరే అన్నాడు. అది వస్తుందని తెలిసే వచ్చాడు. తెలిసి వచ్చినా తగలడం తగిలింది.

“పాల్‌పాండిని రేపు బండికి రమ్మని చెప్పు,” అన్నాడు నాయకర్. అంతకుమించి ఒక్క మాట లేదు.

*

శుక్రవారం పొద్దున తిరుపతిసామి మడత విప్పని కోటును చేత పట్టుకుని బావి దగ్గరికి నడిచాడు. పరువు పోయిందన్న బాధ ఉంది. దాని పక్కనే, ఒకడి కోసం పరువు పోగొట్టుకున్నానన్న తృప్తి కూడా ఉంది. ఆ రెండోది అతనికి కొంచెం ఎక్కువగానే ఉంది.

పాల్‌పాండి మోకాళ్ళ దాకా బురదతో ఎడ్ల వెనక వాలులో దిగుతున్నాడు. తోలు బాన పైకి వచ్చి, నీళ్ళు తొట్టిలో పడి కాలువలోకి పారాయి.

“కోటు తెచ్చినాను పాల్‌పాండీ. నిన్ను బండికి రమ్మన్నారు,” అంటూ తిరుపతిసామి కోటు అందించబోయాడు. చురుక్కుమంది. కాలరులో ముల్లు వేలికి గుచ్చుకుంది. లాగి పారేయబోతూ ఆగాడు. ముల్లు మొన తెల్లగా ఉంది. రెండోదాని మొనా తెల్లగానే ఉంది. గోటితో గీకాడు. రాలేదు. బంక కలిపిన తిరుమణి అంత తేలిగ్గా రాదని అతనికి తెలుసు.

“నీకు తెలుసునా?” అన్నాడు.

పాల్‌పాండి ఎడ్లను వెనక్కి నడిపించి, బాన నీళ్ళల్లో మునిగేదాకా ఆగాడు.

“మొదటి నెలంతా ఊరు దాటినాక ముల్లుతో ఒగ పొడుపు మేస్త్రీ. అంతే. ఒగ నాడు పెద్దమ్మ చూసె. సామి నామాన్ని ఎవడో పొడిచినాడని రెండు నాళ్ళు కూడు తినలే. ఇంక ఎవురూ తాకకుండా చూసుకుంటానని మూత మీద చెయ్యి పెట్టించి నాతో సత్యం చేయించుకొనె.”

“అందుకేనా నిలిచినప్పుడంతా కట్టె పెట్టి పెట్రోలు చూస్తా ఉంటివి?”

“పెట్రోలు ఎవురు చూసిరి? మూత తీసేదానికి కట్టె ఒగ సాకు. నామం తాకకూడదని సత్యం. మూత తీయకూడదని కాదే.”

“నాతో చెప్పి ఉండవచ్చు కదరా. షెడ్డులోనే.”

పాల్‌పాండి కొరడా చంకలో పెట్టుకున్నాడు. “నిన్న అందరి ముందర మీరు ఏమి చెప్తిరి మేస్త్రీ?”

“నా తప్పని చెప్తిని.”

“నామం సంగతి?”

“చెప్పలే.”

“మీరు ఆ ఇంట్లో పక్కన కూర్చోని తినేవారు. మీకే నోరు రాలే. నాకు ఎట్ల వస్తాది?”

కోపంగా అనలేదు. పొలానికి నీళ్ళు ఏ వైపు పారుతాయో చెప్పినట్టు చెప్పాడు. తిరుపతిసామికి సిగ్గేసింది. తను ఒక్క పూట మోసి ఊరంతా వినేటట్టు మూలిగిన బరువును ఇతను నెలరోజులు కోటు కాలరులో పెట్టుకుని తిరిగాడు. దాని మీద తను మరొకటి వేశాడు, పదిమందిలో, కాఫీ తాగుతూ.

“రా. పోదాము. నాయకర్ కాచుకొని ఉంటారు,” అన్నాడు.

“కాచుకోనీ. ఇంకా రెండు మళ్ళు ఉండాయి. సగంలో వదిలితే మిరపనారు వాడిపోతాది.”

తిరుపతిసామి కోటును గట్టు మీద పెట్టి, పంచె ఎగగట్టి, చెయ్యి చాపాడు. “తాడు నాకు ఇయ్యి. నువ్వు మడవ తిప్పు.”

పాల్‌పాండి ఒక క్షణం చూసి పగ్గం చేతికిచ్చి, పార తీసుకుని కాలువ వెంట వెళ్ళాడు. తిరుపతిసామి చిన్నప్పుడు కయత్తారు దగ్గర తాత పొలంలో తోలిన మోట మళ్ళీ ఇప్పుడు పట్టుకున్నాడు. ఎడ్లు కొత్త చెయ్యిని గుర్తుపట్టి మొరాయించాయి. అదిలిస్తే ఒక్కసారిగా వాలులోకి ఉరికాయి. తడి మట్టి మీద అతని అడుగు తప్పింది.

“కాలు చూసి పెట్టండి మేస్త్రీ,” అని మడి దగ్గర్నుంచి పాల్‌పాండి కేకేశాడు. “అక్కడ జారుతాది.”

తిరుపతిసామి తల వంచుకుని, ఒక్కొక్క అడుగూ చూసుకుంటూ ఎడ్ల వెనక దిగాడు.